బఖా బూట్లు, లాలూ కందకం

యుద్ధ సాహిత్యం మీద మన విమర్శకులు రాసిందాంట్లో రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి వీరత్వం, రెండోది త్యాగం. యుద్ధాన్ని వ్యతిరేకించే విమర్శకులైతే మానవత, విషాదం అంటారు. రెండు వైపులవాళ్ళూ అడగని ప్రశ్న ఒకటుంది. సిపాయి కాళ్ళకు ఏముంది? ఒంటి మీద ఏముంది? అవి ఎవరివ్వాల్సినవి, ఎప్పుడిచ్చారు? ఇవ్వనప్పుడు బదులుగా ఏమిచ్చారు? సాహిత్య విమర్శలో ఇవి చిల్లర ప్రశ్నలనిపించొచ్చు. చేతికి తొడుగు, కాలికి చెప్పు లేకుండా పాకీ పనికి పోయినోళ్ళ ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు మాత్రం ఇవి చిల్లర ప్రశ్నలు కావు.

ముల్క్ రాజ్ ఆనంద్ రాసిన రెండు నవలల్ని ఈ ప్రశ్నతో చదవొచ్చు. ఒకటి 1935లో వచ్చిన 'అన్‌టచబుల్'. రెండోది 1940లో వచ్చిన 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్'. మొదటిది అంటరానితనం నవలగా, రెండోది మొదటి ప్రపంచ యుద్ధం నవలగా పేరు పడ్డాయి. ఒకదాని మీద రాసేవాళ్ళు రెండోదాని జోలికి పెద్దగా పోరు. కానీ రెండూ ఒకే కంటోన్మెంటు నుంచి పుట్టినవి. ఆనంద్ తండ్రి డోగ్రా పటాలంలో పనిచేసినవాడు. బఖా దొడ్లు కడిగేది కూడా 38వ డోగ్రా సిపాయిల లైన్లలోనే. కాబట్టి ఈ రెండు నవలల్నీ ఒకే నవల రెండు ముక్కలుగా చదవాలి. అట్లా చదివితేనే ఆనంద్ ఏం చూశాడో, చూసి కూడా ఎక్కడ ఆగిపోయాడో తెలుస్తుంది.

ఎమ్మేలో నేను 'అన్‌టచబుల్' చదివినప్పుడు పరీక్షలో వచ్చే ప్రశ్న ఒక్కటే. నవల చివర బఖాకు ఎదురయ్యే మూడు దారులేమిటి, వాటిని చర్చించండి. సాల్వేషన్ ఆర్మీ దొర చెప్పే క్రీస్తు ఒక దారి, గాంధీ ఉపన్యాసం ఇంకో దారి, కవి చెప్పే ఫ్లష్ దొడ్డి మూడోది. ఈ మూడింటి మీద నోట్సు రాసుకుని పాసైనోళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. బఖా బట్టల మీద ప్రశ్న రాలేదు. నవల మొదలయ్యేదే ఆ బట్టలతో.

బఖా కొన్నాళ్ళు తెల్ల సోల్జర్ల బ్యారక్కుల్లో పనిచేసి వచ్చాడు. వాళ్ళు తనను మనిషిలా చూశారని అతనికి గుర్తు. అందుకే వాళ్ళలాగా తయారవాలని కోరిక. ఒక తెల్ల సోల్జరును అడుక్కుని పాత లాగు తెచ్చుకుంటాడు. బూట్లు, కాలిపట్టీలు ఒక హిందూ సిపాయి ఇచ్చినవి. ఎందుకిచ్చాడు? తన ఆత్మకు పుణ్యం వస్తుందని ఇచ్చాడు. మిగతావి పాత గుడ్డల అంగట్లో కొన్నవి. రాత్రిపూట బొంత కప్పుకుంటే దేశవాళీ అయిపోతాడని, దొరల మాదిరి పల్చటి కంబళి కిందే ముడుచుకుని చలికి వణుకుతాడు. చాలామంది విమర్శకులకు ఇది కుర్రవాడి మోజుగా, దొరల అనుకరణగా కనబడింది. ఆ మోజు ఉన్నది నిజమే. కానీ వాళ్ళు దాటిపోయిన సంగతి ఇంకొకటుంది. ఆ పటాలానికి బఖా చేసే పని తప్పనిసరి. అతను ఒక్క పూట రాకపోతే హవల్దార్ చరత్ సింగ్‌కు దొడ్డికి పోవటానికి దారి లేదు. అయినా పటాలం అతనికి బూటు ఇవ్వదు. సిపాయికి హక్కుగా వచ్చిన బూటు అరిగిపోయాక, పుణ్యం రూపంలో అతని కాలికి చేరుతుంది. సర్కారు సరంజామా మనదాకా రావాలంటే ఎప్పుడూ దానం గుండానే రావాలె. ఆనంద్ ఈ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోయాడు. మన విమర్శకులు ఆ వాక్యం దగ్గర కూడా ఆగలేదు.

ఇప్పుడు రెండో నవలకు వద్దాం.

లాల్ సింగ్ అనే లాలూ పంజాబు రైతు బిడ్డ. 1939లో వచ్చిన 'ది విలేజ్'లో భూస్వామితో గొడవపడి ఊరొదిలి పటాలంలో చేరతాడు. 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్' అతను ఫ్రాన్సులో మార్సేల్స్ రేవులో దిగటంతో మొదలవుతుంది. ఇది కల్పన కాదు. లాహోర్ డివిజన్ 1914 సెప్టెంబర్ 26న మార్సేల్స్ చేరింది. మీరట్ డివిజన్ వెనక వచ్చింది. అక్టోబర్ ఆఖరుకే వాళ్ళను ఫ్లాండర్స్ కందకాల్లోకి తోశారు. ఒంటి మీద ఉన్నది మన ఎండలకు కుట్టిన నూలు ఖాకీ. ఉన్ని బట్టలు చలి ముదిరాక గానీ అందరికీ అందలేదు. వెంట తెచ్చుకున్న తుపాకులు ఆ యుద్ధానికి ఇచ్చే తూటాలకు పనికిరావని మార్సేల్స్‌లోనే కొత్తవి చేతికిచ్చారు. వాటితో చెయ్యి తిరగకముందే కాల్చాల్సి వచ్చింది. ఒక్కో పటాలానికి మెషిన్ గన్లు రెండే. జర్మన్ల దగ్గర చేతిబాంబులున్నాయి, వీళ్ళ దగ్గర లేవు. ఖాళీ జాం డబ్బాల్లో మందు కూరి, వత్తి పెట్టి, వాటినే బాంబులుగా విసిరారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో రోజుల తరబడి నిలబడి కాళ్ళు వాచి కుళ్ళిపోయినోళ్ళు ఎంతమందో. భాష తెలిసిన అధికారులు మొదటి వారాల్లోనే చచ్చిపోతే, మాట తెలియని అధికారులు వచ్చారు. ఒక పటాలం జనం తగ్గితే వేరే పటాలాల నుంచి తెచ్చి అతికించారు.

ఈ పరిస్థితిని ఆనంద్ బాగా రాశాడు. అతని నవలలో శత్రువు కంటే ముందు వాన వస్తుంది, బురద వస్తుంది. ఏ ఊరి కోసం, ఎవరి మీద, ఎందుకు కొట్లాడుతున్నామో సిపాయిలకు చెప్పేవాడు లేడు. లాలూ పెద్దదిక్కుగా చూసుకునే ముసలి సిపాయి ధనూ తుపాకీ గుండుతో చావడు, నీళ్ళలో మునిగి చస్తాడు. కిర్పూ చిన్నాయన అవమానం తట్టుకోలేక ప్రాణం తీసుకుంటాడు. ఇద్దర్నీ చంపింది జర్మన్లు కాదు. వాళ్ళను అక్కడికి తెచ్చిన ఏర్పాటే చంపింది. అప్పటి ఇంగ్లీషు యుద్ధ నవలల్లో మన సిపాయికి పేరున్న పాత్రే అరుదు. అట్లాంటప్పుడు ఒక భారతీయ రచయిత సిపాయి లోపలి నుంచి ఈ కథ చెప్పటం పెద్ద పని. ఈ మర్యాద ఆనంద్‌కు ఇచ్చే తర్వాతి మాట మాట్లాడాలి.

లేనిదాని బదులు సర్కారు ఏమిచ్చింది? పొగడ్త ఇచ్చింది. విక్టోరియా క్రాస్‌కు మన సిపాయిల్ని అర్హుల్ని చేసింది 1911లో. 1914 అక్టోబర్ 31న హోల్‌బెక్ దగ్గర 129వ బలూచీ పటాలానికి చెందిన ఖుదాదాద్ ఖాన్, తన తుపాకీ దగ్గరున్న తోటివాళ్ళందరూ చనిపోయినా, తాను గాయపడినా కాలుస్తూనే ఉన్నాడు. ఆ పతకం అందుకున్న తొలి భారతీయ సిపాయి ఆయనే. ఆయన ధైర్యాన్ని ఎవరూ తక్కువ చేయక్కర్లేదు. కానీ ఆ రోజు అంత పెద్ద దాడికి ఎదురుగా ఆ పటాలం దగ్గర ఎన్ని మెషిన్ గన్లున్నాయని అడగాలి గదా? రెండు. ఇంకో నాలుగు ఇచ్చి ఉంటే ఆ తోటివాళ్ళలో కొందరైనా బతికేవాళ్ళు, ఆ పతకం అవసరం తగ్గేది. సరంజామా లేని చోటల్లా వీరగాథ పుడుతుంది. వీరగాథ పుట్టాక సరంజామా ఎందుకు లేదని అడిగేవాడు వీరుణ్ణి అవమానించినవాడవుతాడు. సహనాన్ని పొగిడే పద్ధతి ఇట్లా పనిచేస్తుంది. బాకీపడ్డవాడే బహుమతి ఇచ్చేవాడిగా మారిపోతాడు.

సిపాయిలకు ఇది తెలియదా? తెలుసు. ఇళ్ళకు రాసిన ఉత్తరాల్ని సెన్సారు చదువుతాడని తెలిసి, మన సిపాయిల్ని నల్ల మిరియాలనీ తెల్ల సోల్జర్లను ఎర్ర మిరపకాయలనీ గుట్టుగా రాసుకున్నారు. గాయం మానినవాణ్ణి ఇంటికి పంపకుండా మళ్ళీ కందకానికి పంపటం అన్యాయమని మొత్తుకున్నారు. కొందరు తమ చేతికి తామే గుండు పెట్టుకున్నారు. ఈ అసమ్మతి ఆనంద్ పాత్రల గొణుగుడులో వినిపిస్తుంది. అది ఆ నవల బలం.

సర్కారుకు ఉన్ని కోటు ఆలస్యమైంది గాని కులం ఆలస్యం కాలేదు. గాయపడిన సిపాయిల కోసం ఇంగ్లండులో ఆస్పత్రులు తెరిచారు. బ్రైటన్ రాజభవనంలో పెట్టిన ఆస్పత్రిలో కులాన్నీ మతాన్నీ బట్టి వండటానికి తొమ్మిది వంటశాలలు కట్టారు. హిందువులకు, ముస్లింలకు నీళ్ళ కొళాయిలు వేరు. దొడ్లు కడగటానికి మన దేశం నుంచే అంటరానివాళ్ళను తీసుకుపోయారు. సముద్రం దాటితే కులం పోతుందన్నది శాస్త్రం. కులం పోకుండా సముద్రం దాటించే ఏర్పాటు సర్కారు చేసింది. ఆ ఏర్పాటుకు కావలసిన ఓపికా, వివరాలూ, జాబితాలూ వాళ్ళ దగ్గర ఉన్నాయి.

ఈ ఏర్పాటులో చచ్చిపోయిన ఒక మనిషి పేరు మనకు తెలుసు. సుఖా. బరేలీ వాడు. బ్రోకెన్‌హర్స్ట్ అనే ఊళ్ళో గాయపడిన భారతీయ సిపాయిల కోసం పెట్టిన లేడీ హార్డింజ్ ఆస్పత్రిలో పాకీ పని చేశాడు. 1915 జనవరి 12న, 30 ఏళ్ళ వయసులో చనిపోయాడు. న్యుమోనియా. అంటే చలి. అంటరానివాడని హిందువులు అతనికి దహనం చేయనివ్వలేదు, తమ మతం వాడు కాదని ముస్లింలు పూడ్చనివ్వలేదు, చివరికి ఆ ఊరి చర్చి పాదిరి తన చర్చి స్థలంలో చోటిచ్చాడు అని అప్పటినుంచీ చెప్పుకుంటున్నారు. ఊరివాళ్ళు చందాలేసుకుని పెట్టిన రాయి ఇప్పటికీ ఉంది. ఫ్రాన్సులోని న్యూవ్ షపెల్ స్మారకం మీద 4,700కు పైగా భారతీయుల పేర్లున్నాయి. వాళ్ళకు ఆ చోటు సామ్రాజ్యం ఇచ్చింది. సుఖాకు ఆ చోటు దొరికింది దానంగానే. బఖా బూట్ల దగ్గర చూసిన సూత్రమే సమాధి దగ్గర కూడా పనిచేసింది.

సుఖా ఒక్కడు కాదు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి భర్తీ అయినవాళ్ళలో 5 లక్షలకు పైగా తుపాకీ పట్టనివాళ్ళు. నీళ్ళు మోసే భిస్తీలు, డోలీలు మోసినవాళ్ళు, కంచరగాడిదల్ని తోలినవాళ్ళు, రోడ్లు వేసిన కూలీలు, పాకీవాళ్ళు. సైన్యం లెక్కల్లో వీళ్ళ పేరు 'ఫాలోయర్లు', అంటే వెంట వచ్చినవాళ్ళు. వెంట వచ్చారట! జీతం తక్కువ, పింఛను తక్కువ, బట్టలూ సరంజామా తక్కువ. గుండు మాత్రం తక్కువగా తగల్లేదు. మెసపొటేమియాలో పాకీవాళ్ళు చాలక, జైళ్ళల్లో ఉన్నవాళ్ళకు శిక్ష తగ్గిస్తామని ఆశ చూపి పంపారు. ఆ రంగంలో మందులూ పడవలూ లేక గాయపడ్డవాళ్ళు పడ్డ బాధల మీద బ్రిటిషు పార్లమెంటు కమిషన్ వేసింది, 1917లో నివేదిక వచ్చింది. అంత గొడవ జరిగిన అదే రంగంలో చచ్చినవాళ్ళ కోసం బస్రాలో కట్టిన స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కారు గాని మామూలు సిపాయిలకు పటాలం పేరూ ఒక అంకే మిగిలాయి. కామన్వెల్త్ సమాధుల కమిషన్ ఈ వివక్షను ఒప్పుకోవటానికి 2021 ఏప్రిల్ దాకా పట్టింది. సిపాయికే అంకె మిగిలితే పాకీవాడికి ఏం మిగులుతుంది?

ఇక్కడ ఆనంద్‌ను నిలదీయాలి. 1935లో పాకీవాడి కంటితో ఒక రోజంతా చూసిన రచయిత, ఐదేళ్ళ తర్వాత అదే పటాలాన్ని కందకంలోకి దింపినప్పుడు ఆ కంటిని ఎందుకు వెంట తీసుకుపోలేదు? కందకంలో దొడ్లుండవా? అక్కడ బఖా పని ఎవరు చేశారు? నవల నడిచేది లాలూ మనసులోనుంచి. లాలూ అప్పుల్లో మునిగినా రైతు బిడ్డ. అతనికి పోగొట్టుకున్న భూమి ఉంది, దాన్ని యుద్ధం తర్వాత తిరిగి తెచ్చుకోవాలనే ఆశ ఉంది. సర్కారు మీద అతనికి ఒక బాకీ ఉంది, ఆ బాకీని అడిగే నోరుంది. జర్మన్లకు చిక్కి, విడుదలై, 1942లో వచ్చిన 'ది స్వోర్డ్ అండ్ ది సికిల్'లో ఇంటికొచ్చేసరికి భూమీ లేదు, ఇల్లూ లేదు. ఆ మోసం నుంచి అతను రైతు ఉద్యమంలోకి పోతాడు. మంచిదే. కానీ భూమే లేనివాడు, బాకీ అడిగే లెక్కలో పేరే లేనివాడు, యుద్ధం నుంచి ఎక్కడికి తిరిగొస్తాడు? అదే లైన్లకు, అదే చీపురుకు. ఆ తిరిగిరాక మీద మూడు నవలల వరసలో ఒక్కటీ లేదు. ఆనంద్ రెండు సగాల్నీ చూశాడు. వాటిని ఒక్క కందకంలో పెట్టలేదు. పెట్టి ఉంటే తోటి సిపాయిలు లాలూ మీద చూపే ప్రేమ పక్కనే, వాళ్ళు తమ పాకీవాణ్ణి ఎట్లా చూశారో కూడా రాయాల్సి వచ్చేది. అప్పుడు బాధితుడైన సిపాయి మరొకడి మీద పెద్దరికం చేసేవాడుగా కూడా కనబడేవాడు.

చలికి కులం లేదు, గుండుకు కులం లేదు, కందకంలో అందరూ సమానమే గదా అని కొందరంటారు. చలికి కులం లేని మాట నిజం. కోటుకు ఉంది. ఎవడికి ముందు ఇవ్వాలె, ఎవడికి ఇవ్వకపోయినా నడుస్తుంది అని తేల్చే జాబితాకు ఉంది. అసలు కందకం దాకా రావటానికే కులం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తరాదిలో సిపాయికి 'తిలంగా' అనే పేరుండేది. తెలుగు నేల నుంచి పోయిన పటాలాల వల్ల వచ్చిన పేరది. పాత మద్రాసు సైన్యంలో పరయలూ మాలలూ తుపాకీ పట్టారు. తర్వాత 'యుద్ధజాతుల' సిద్ధాంతం వచ్చింది. లార్డ్ రాబర్ట్స్ లాంటి సేనాపతులు దక్షిణాదివాళ్ళు పోరుకు పనికిరారన్నారు, తెలుగువాళ్ళ భర్తీ ఎండిపోయింది. 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆపేశారు. సుబేదార్ రాంజీ కొడుకు, మౌ కంటోన్మెంటులో 1891లో పుట్టిన అంబేడ్కర్, ఆ తలుపు మూసిన తరం బిడ్డ. 1917లో మనుషులు చాలక 111వ మహర్ పటాలం లేపారు, యుద్ధం అయిపోగానే 1921లో తీసేశారు. 1941లో అంబేడ్కర్ వంటివాళ్ళ ఒత్తిడితో మహర్ రెజిమెంటు మళ్ళీ వచ్చింది. 1943లో లేపిన చమార్ రెజిమెంటును 1946లోనే రద్దు చేశారు. అవసరం ఉన్నప్పుడు వీరులు, తీరాక అంటరానివాళ్ళు.

సామ్రాజ్యవాద యుద్ధంలో దళితులకు మంచి బూట్లు కావాలని అడగటమేనా మీ రాజకీయం అని మన వామపక్ష మిత్రులు ఎత్తిపొడవచ్చు. కాదు. ఆ యుద్ధం మనది కాదు. అంబేడ్కర్ సైన్యంలో చోటు అడిగింది చంపటం మీద మోజుతో కాదు. నికరమైన జీతం, బడి, పింఛను, ఒంటి మీద గౌరవమైన బట్ట, ఇవన్నీ దళితుడికి ఊరి దొర దయ లేకుండా దొరికిన చోటు అది. మనం అడిగేది కూడా అదే. పని చేయించుకున్నవాడు సరంజామా ఇవ్వాలె. అది హక్కు. దానంగా ఇచ్చినా, పొగడ్తగా మార్చి ఇచ్చినా హక్కు తీరదు.

ఈ చర్చ పాతబడలేదు. 2020 మే 3న కరోనా మీద పోరాడేవాళ్ళకు గౌరవమని సైన్యం హెలికాప్టర్ల నుంచి ఆస్పత్రుల మీద పూలు చల్లింది. పారిశుధ్య కార్మికుల్ని యోధులన్నారు. చేతి తొడుగులూ మాస్కులూ సరిగా అందని చోట కూడా ఆ బిరుదు మాత్రం అందింది. నవల చివర కవి చెప్పిన ఫ్లష్ యంత్రం మన ఊళ్ళల్లోకి వచ్చింది. దాని కింద మురికి కాలవ ఉంది, ఆ కాలవలోకి మనిషి ఇప్పటికీ దిగుతున్నాడు. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. కాలవల్లో చచ్చినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చచ్చాక ఇచ్చే డబ్బు పెరిగింది. దిగకముందు ఇవ్వాల్సిన ముసుగూ, గాలీ, యంత్రం ఎక్కడ? కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నాయకత్వాన సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఇదే. ఫ్లాండర్స్‌లో జాం డబ్బాతో నిలబడ్డ సిపాయికీ, తాడు కట్టుకుని మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషికీ తేడా ఒకటుంది. మొదటివాడికి స్మారకం కట్టారు.

కాబట్టి విమర్శకులకూ, పాఠాలు చెప్పేవాళ్ళకూ చేయగలిగిన పని చాలా ఉంది. 'అన్‌టచబుల్'నూ 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్'నూ ఒకే పేపర్లో, పక్కపక్కన పెట్టి చెప్పండి. మూడు దారుల ప్రశ్న కొన్నాళ్ళు పక్కన పెట్టి, బఖా బూట్లు ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అడగండి. యుద్ధ కథ ఏది చదివినా, సినిమా ఏది చూసినా, వీరుడి పక్కన నీళ్ళు మోసినవాడెవడు, దొడ్డి కడిగినవాడెవడు అని వెతకండి. కంటోన్మెంట్ల పక్కన ఉన్న మన వాడల్లో తాతముత్తాతలు పటాలం వెంట పోయిన కథలు ఇంకా నోళ్ళల్లో ఉన్నాయి. మెడల్ రాలేదు గనక వాటిని ఎవరూ రాసుకోలేదు. చెప్పగలిగిన ముసలోళ్ళు పోకముందే వాటిని రాసి పెట్టే పని విద్యార్థులు మొదలుపెట్టాలె. ఆనంద్ వదిలేసిన కందకం అక్కడుంది.